కష్టజీవికి అన్నం పెట్టొద్దు

జూన్ 4

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు వచ్చిన మూట బరువు చూసి ఏదో అనుకునేవు, అందులో ఉన్నది మట్టి. విప్పాక నువ్వు ఏమంటావో తెలుసు కాబట్టి మిగతాది కూడా ముందే చెప్పేస్తున్నాను. ఆ మట్టిని నేను ఉడికించాను. వేళాకోళం కాదు. ప్రెషర్ కుక్కర్‌కి పెదనాన్నలాంటి యంత్రం ఒకటి మా ల్యాబులో ఉంది, దాన్లో పెట్టి ఉడికించి, చల్లార్చి, సంచుల్లో కట్టి పంపాను. అసలే ఎరువు సారం లేని ఇసుక మట్టి, ఇప్పుడు అందులో ఒక్క సూక్ష్మజీవి కూడా బతికి లేదు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మా పరిశోధనా కేంద్రంలో సిగ్నల్ కావాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కితే నీకు గాలి హోరు తప్ప ఏమీ వినపడదు, నాకు కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. పైగా మన ఫోను "తిన్నావా" దగ్గర మొదలై "ఏం తిన్నావు" దగ్గర ఆగిపోతుంది.

అసలు సంగతి ఇది. నేను ఇన్నాళ్ళుగా పెంచుతున్న బాక్టీరియాకి కష్టజీవి అని పేరు పెట్టానని చెప్పాను కదా. అది బొబ్బర మొక్క వేళ్ళలో చిన్న చిన్న బుడిపెలు కట్టుకుని కాపురం పెడుతుంది. మన చుట్టూ ఉన్న గాలిలో ముప్పాతిక వంతు పైగా నత్రజనే. మొక్కకి అది లేకపోతే రోజు గడవదు, కానీ గాలిలోంచి నేరుగా తీసుకోవడం చేతకాదు. కష్టజీవి ఆ నత్రజనిని పట్టి, విరిచి, మొక్క తినగలిగేలా వండి పెడుతుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది. ఎరువుతో పని లేదు.

మా పెద్ద మేడం ఇది నమ్మడం లేదు. ఏ ప్రయోగం చూపించినా "ఫలితం సున్నా" అనడం ఆవిడకి అలవాటు, అందుకే చాటుగా సున్నా మేడం అంటాం. "ల్యాబులో అన్నీ పనిచేస్తాయి. ఎవరి ఇంట్లోనైనా పనిచేయించి చూపించు" అన్నారు. ఆగస్టు ఆఖర్లో తనిఖీ. అప్పటికి చూపించలేకపోతే నా బల్లని రొట్టెలు పొంగించే ఈస్టు మీద పనిచేసేవాళ్ళకి ఇచ్చేస్తారు, కష్టజీవిని ఆ కుక్కర్లోనే పెట్టి ఉడికిస్తారు. నేను సబ్బుల కంపెనీలో వాసనలు చూసే ఉద్యోగానికి పోవాలి. ఇంట్లోవాళ్ళలో బాల్కనీ ఉన్నది నీకే.

మట్టితో పాటు తెల్లవీ ఎర్రవీ చిన్న కుండీలు, వాటిలో వెయ్యడానికి రెండు బొబ్బర గింజల పొట్లాలు పెట్టాను. తెల్ల కుండీల్లో వేసే గింజలకి కష్టజీవి పూసి ఉంది. ఎర్ర కుండీలవి వట్టి గింజలు. రెంటికీ కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రమే పొయ్యి. ఎరువు, టీ పిప్పి, బియ్యం కడిగిన నీళ్ళు, ఇంకా నీ బుర్రలోకి వచ్చేది ఏదీ వద్దు. ఎర్ర కుండీల్లో మొక్కలు పాలిపోయి ఏడుపు మొహం పెడతాయి. పెట్టాలి. దయచేసి జాలిపడకు.

నీ తమ్ముడు
(తిన్నాను)


జూన్ 12

ఒరేయ్ బక్కోడా,

మట్టి ఉడికించడం నేర్చుకున్నావు, అన్నం ఉడికించడం ఎప్పుడు నేర్చుకుంటావు? పోస్టుమాన్ ఆ మూట మెట్ల మీద దించి, నడుం పట్టుకుని, "ఇందులో ఏముందమ్మా" అని అడిగాడు. ఉడికించిన మట్టి అని నిజం చెప్పాను. అప్పటినుంచీ ఉత్తరాలు గుమ్మం దాకా తేకుండా కింద డబ్బాలో పడేసి పోతున్నాడు.

గింజలు వేశాను. మొలకలు వచ్చాయి. బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన తెల్లవి ఒక వరస, ఎర్రవి ఒక వరస. నువ్వు చెప్పినట్టే నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డతో మూత కట్టి మరీ పోస్తున్నాను. డిపో కాంటీన్లో రోజూ అంతమంది డ్రైవర్లకి వండి పెట్టి ఇంటికొచ్చి ఈ పసివాళ్ళకి వట్టి నీళ్ళు పోయడం ఎంత కష్టంగా ఉందో నీకేం తెలుసు? నిన్న ఎర్ర కుండీలో ఒకటి తల వాల్చేసింది. నేను మొహం తిప్పుకుని లోపలికి వచ్చేశాను. గాలి తిని బతికేది మన వంశంలో నువ్వొక్కడివే అనుకున్నాను, ఇప్పుడు వీళ్ళూ తోడయ్యారు.

ఇక మీ బావ సంగతి. ఎదురింట్లో పళ్ళ డాక్టరు లిఫ్టులో ఆయన్ని "తాతగారూ, ఏ అంతస్తు?" అని అడిగాడట. అంతే. గడియారాలు బాగుచేసుకునే మనిషి మర్నాడే జిమ్ములో చేరారు. పెయింటు డబ్బా అంత ప్రొటీన్ పొడి డబ్బా కొనుక్కొచ్చారు. దాని మీద బఠాణీకాయ బొమ్మ, పక్కన కండలు తిరిగిన ఒకడి బొమ్మ. పొద్దునొక గ్లాసు, జిమ్ము నుంచి వచ్చి ఒకటి, సాయంత్రం ఒకటి తాగుతున్నారు. ఒకటి చాలదా అంటే, "డబ్బా తెరిచాక పాడైపోతుంది, పారేస్తామా" అంటారు. ఆయన సంగతి నీకు తెలుసుగా. విరిగిన గడియారపు ముల్లు కూడా పళ్ళు కుట్టుకోవడానికి పనికొస్తుందని దాస్తారు.

డబ్బా వెనక చూస్తే "అమైనో ఆమ్లాలు" అని బారెడు పట్టీ ఉంది. అవేమిటి? అంతంత తాగితే మనిషికి ఏమీ కాదు కదా? కాస్త వివరంగా రాయి. నీ మాటంటే ఆయనకి గురి.

నీకు తినుబండారాల డబ్బా వేరే పంపాను. అడుగున ఉన్నవి ముందు తిను.

అక్క


జూన్ 19

అక్కా,

డబ్బా అందింది. అడుగున ఉన్నవి ముందు తినాలంటే పైవన్నీ తీయాలి, తీశాక మళ్ళీ పెట్టడమెందుకని అన్నీ తినేశాను.

బావ గురించి భయపడకు. ఇలా అనుకో. ప్రొటీన్ అంటే పూసల దండ. ఒక్కొక్క పూస ఒక అమైనో ఆమ్లం. మనం ఏ పప్పో తిన్నప్పుడు ఒళ్ళు ఆ దండని తెంపి, పూసలు విడదీసి, తనకి కావలసిన వరసలో మళ్ళీ గుచ్చుకుంటుంది. కండకి ఒక దండ, జుట్టుకి ఒక దండ, గోరుకి ఒక దండ. ప్రతి పూసలోనూ నత్రజని ఉంటుంది. కష్టజీవి గాలిలోంచి పట్టుకొచ్చేదీ దాన్నే. దానితోనే మొక్క పూసలు తయారుచేస్తుంది, ఆ పూసలే మన కంచంలోకి వస్తాయి.

చిక్కేమిటంటే, మిగిలిన పూసలు దాచుకోవడానికి ఒంట్లో అలమరా లేదు. కొవ్వుకైతే పొట్ట ఉంది, బావని చూస్తే తెలుస్తుంది. పూసలకి అలాంటిదేమీ లేదు. ఎక్కువైనవాటిలోంచి కాలేయం నత్రజనిని ఊడదీసి, యూరియాగా మార్చి, మూత్రంలో బయటికి పంపేస్తుంది. కాబట్టి బావ తాగే మూడు గ్లాసుల్లో రెండు నేరుగా మరుగుదొడ్డిలోకి పోతున్నాయని చెప్పు. అక్షరాలా యూరియా అక్కా, రైతులు పొలంలో చల్లేదీ అదే పదార్థం. నీళ్ళు బాగా తాగమను, ఒక గ్లాసుతో సరిపెట్టుకోమను.

ఇక్కడ ఈస్టు వాళ్ళు అప్పుడే నా బల్ల కొలతలు తీసుకుంటున్నారు. టేపు పట్టుకుని వచ్చి, నేను కూర్చుని ఉండగానే, "కాస్త మోచెయ్యి తీస్తారా" అన్నారు. నా ఆశంతా నీ బాల్కనీ మీదే ఉంది. మళ్ళీ మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు. బయటినుంచి కొంచెం ఎరువు అందినా కష్టజీవి పని మానేస్తుంది. ఊరికే వస్తున్నప్పుడు బుడిపె కట్టి దానికి చక్కెర పెట్టడం దండగని మొక్కే దాన్ని రానివ్వదు.

నీ తమ్ముడు
(తిన్నానని పైనే రాశాను)


జూలై 3

ఒరేయ్ తమ్ముడూ,

కూర్చుని చదువు, సంతోషంతో పడిపోతావు. నీ మొక్కలు ఏపుగా, నిగనిగలాడుతూ, ఆకు అరచెయ్యంత అయ్యాయి! తెల్ల కుండీల్లోనూ, ఎర్ర కుండీల్లోనూ! నువ్వేమో ఎర్రవి ఏడుస్తాయని నన్ను భయపెట్టావు. ఒక్కటీ ఏడవలేదు. తల వాల్చిందని చెప్పానే, అది అన్నిటికంటే ముందు లేచి వాషింగ్ మెషీన్ గొట్టాన్ని చుట్టేసుకుంది. ఫొటో తీసి పెడుతున్నాను, మీ మేడంకి చూపించు.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. పూసల దండ దాకా తల ఊపుతూ విన్నారు. మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి మొహం మాడిపోయింది. రెండు గ్లాసులు అలా పోతున్నాయా అని పొద్దంతా ఆ డబ్బానే తిప్పి తిప్పి చూసుకున్నారు. పోనీలెండి, తగ్గించండి అంటే తగ్గించలేదు, డబ్బా తెరిచాక ఎలా ఆపుతాం అన్నారు. కానీ ఒక మంచి జరిగింది. అప్పటినుంచీ ఆయనకి నీ ప్రయోగం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. పొద్దున్నే నాకంటే ముందు లేచి బాల్కనీలోకి వెళ్ళి మొక్కల్ని పలకరించి వస్తున్నారు. నేను లేచేసరికి ఆకులు తుడిచి కూడా ఉంటున్నాయి. చదువుకున్న బావమరిది కోసం ఆ మాత్రం చెయ్యనా అంటున్నారు. నాకు ఎంత ముచ్చటేసిందో.

తిను.

అక్క


జూలై 8

అక్కా,

పెట్టావు కదూ.

నిజం చెప్పు. ఏం పెట్టావు? గుడ్డు పెంకులా? పప్పు కడిగిన నీళ్ళా? కాంటీన్ నుంచి ఏమైనా తెచ్చి పోశావా?

ఎర్ర కుండీలు పచ్చగా ఉండడానికి వీల్లేదు అక్కా. వాటికి కష్టజీవి లేదు, మట్టిలో నత్రజని లేదు. ఎవరో పెడితే తప్ప ఆకు అరచెయ్యంత కాదు. రెండూ ఒకేలా ఉంటే నా కష్టజీవి చేసిందేమీ లేదని అర్థం. ఫొటో చూసిన మేడం కళ్ళజోడు సర్దుకుని, "మీ అక్కగారు బాగా పెంచుతారు. ఫలితం సున్నా" అన్నారు. ఈస్టు వాళ్ళలో ఒకడు వెనకనుంచి నవ్వాడు.

నిన్ను నమ్మడం నాదే తప్పు. స్కూల్లో చేపల తొట్టె నీకు అప్పజెబితే ఏమైంది? తిని తిని వెల్లకిలా తేలాయి. పక్కింటి పిల్లికి నువ్వు పాలు పోసి పోసి, అది కిటికీలోంచి దూరలేక ఇరుక్కుంటే మనిద్దరం సబ్బు రాసి లాగాం. ఆకలితో ఎవరైనా నీ కళ్ళపడితే నీ చెయ్యి ఆగదు. అది గొప్ప గుణమే, కాదనను. కానీ ఈసారి ఆ చేత్తోనే నా నోటి దగ్గర కూడు తీసేశావు.

తమ్ముడు


జూలై 13

శాస్త్రవేత్త గారికి,

కాంటీన్ ఆవిడ రాయునది.

మీ ఉత్తరం అందింది. మేము మీ మొక్కలకి ఒక్క మెతుకు కూడా పెట్టలేదు. కాచిన నీళ్ళు తప్ప మరొకటి పోసి ఉంటే మా చెయ్యి పడిపోవుగాక. చేపల సంగతి ఎత్తారు. ఆ చేపలకి సగం మేత వేసింది తమరు, తొట్టెలో బిస్కెట్లు దొరికాయి, మేము తమరి మీదికి రానివ్వకుండా టీచరుగారి దగ్గర చివాట్లు తిన్నాము. పిల్లికి పాలు పోసింది మాత్రం మేమే.

మీకు తెలియనిది ఒకటుంది. ఆ ఎర్ర కుండీలో మొక్క తల వాల్చిన రోజున మేము ఏడ్చాము. నిజంగా ఏడ్చాము. చేతిలో చారెడు టీ పిప్పి ఉంది. ఎదురుగా కుండీ ఉంది. అయినా పెట్టలేదు. ఇన్నేళ్ళ బతుకులో ఆకలిగా ఉన్నవాళ్ళని చూసి పెట్టకుండా వచ్చెయ్యడం అదే మొదటిసారి. తమరి బల్ల కోసం చేశాము. దానికి తమరు ఇచ్చిన బహుమానం బాగుంది.

ఇకమీదట తినుబండారాల డబ్బా రాదు. మళ్ళీ ఎక్కువ పెట్టామన్న మాట పడలేము.

ఇట్లు,
మీ అక్కగారు


జూలై 18

అక్కా,

మీరు అనకు. ఉత్తరం చదివి ట్యాంకు ఎక్కి ఫోన్ చేశాను, నువ్వు ఎత్తి "గాలి వినిపిస్తోంది" అని పెట్టేశావు. గాలి లేదు అక్కా, ఆకు కూడా కదలడం లేదు.

నేను నోరు జారాను. నువ్వు ఏడ్చావని చదివాక నాకు రెండు రోజులు ఏ పనీ సాగలేదు. నువ్వు పెట్టలేదంటే పెట్టలేదు. బిస్కెట్ల సంగతి కూడా నిజమే.

మరి ఎవరు? పావురాలు వాలుతున్నాయా? వాటి రెట్టలో నత్రజని బోలెడు. పైఅంతస్తు వాళ్ళ పూలకుండీల్లోంచి ఏదైనా కారుతోందా? ఒక పని చెయ్యి. బాల్కనీకి వల కట్టి, తలుపుకి తాళం వేసి, తాళంచెవి నీ కొంగున కట్టుకో. నువ్వు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. తనిఖీకి ఇంకా టైముంది.

డబ్బా రాలేదు. రాదని తెలిసీ రోజూ పోస్టు గది దాకా వెళ్ళి వస్తున్నాను. నిన్న సొంతంగా కూర వండాను. దానికి రుచి లేదు, రంగు మాత్రం గిన్నె రంగు వచ్చింది.

నీ తమ్ముడు
(తినడానికి ప్రయత్నించాను)


జూలై 30

ఒరేయ్ బక్కోడా,

దొంగ దొరికాడు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను, ఇప్పుడు పక్కటెముకలు నొప్పి.

వల కట్టాను, తాళం వేశాను. మర్నాడు పొద్దున్నే మీ బావ పిల్లిలా వచ్చి పక్కన నిలబడ్డారు.

"తాళంచెవేదీ?"

"ఎందుకు?"

"మొక్కల్ని ఒకసారి చూద్దామని."

"మరి వెనక ఆ డబ్బా ఏమిటి?"

"నీళ్ళు."

"ఏం నీళ్ళు?"

ఆయన గోడ గడియారం వంక చూశారు. గడియారాలవాళ్ళకి అదొక సుఖం, సిగ్గేసినప్పుడు చూడ్డానికి ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

"నీ తమ్ముడే కదా రాశాడు" అన్నారు, "రెండు గ్లాసులు మరుగుదొడ్డిలోకి పోతున్నాయని, అది అచ్చం పొలంలో చల్లే యూరియా అని. అంత మంచి పొడి నాలోంచి వచ్చి ఊరికే పోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? పదింతల నీళ్ళు కలిపాను. రోజూ ఆరున్నరకి, ఒకే గ్లాసు కొలత. తెల్లవాటికీ ఎర్రవాటికీ సమానంగా పోశాను. పక్షపాతం చూపించలేదు."

ఒరేయ్, నీ మొక్కల్ని మేపింది నేను కాదు, నీ ఉత్తరం!

నేను ఎంతసేపు తిట్టానో తెలియదు. ఆయన తల వంచుకుని విన్నారు. "బావమరిదికి సాయం చేస్తున్నాననుకున్నాను" అన్న ఒక్కమాటకి నా కోపం సగం దిగిపోయింది. మిగతా సగం ఆ గ్లాసు ఏదో చూశాక మళ్ళీ ఎక్కింది. చుట్టాలకి మజ్జిగ ఇచ్చే గ్లాసు అది.

కానీ తమ్ముడూ, అసలు కబురు మంచిది కాదు. తాళం వేసినప్పటినుంచీ కుండీలన్నీ పాలిపోతున్నాయి. ఎర్రవి సరే. తెల్లవి కూడా. మీ కష్టజీవి మా ఆయన పెట్టింది తిని బద్ధకించి చచ్చిపోయినట్టుంది. ఈ పాపం మా ఇంటిదే. ఆ సబ్బుల కంపెనీ ఏ వీధిలో ఉందో కనుక్కున్నాను, మన ఇంటికి దగ్గరే. నువ్వు మా దగ్గరే ఉండొచ్చు.

అక్క

నీ బావ రాస్తున్నాను. తప్పయిపోయింది. జిమ్ము మానేశాను. డబ్బాలో ఇంకా సగం ఉంది, ఏం చెయ్యమంటావు?


ఆగస్టు 4

అక్కా, బావా,

మీ ఉత్తరం మా కాంటీన్లో చదివాను. నవ్వు ఆపుకోలేక గొంతులో మంచినీళ్ళు అడ్డం పడితే వీపు మీద చరిచింది ఈస్టు వాడే. చదివి వినిపించక తప్పలేదు. ఇప్పుడు వాళ్ళు నా మోచెయ్యి తీయమనడం మానేసి, బావ ఎలా ఉన్నారని అడుగుతున్నారు.

అక్కా, ఇప్పుడు జాగ్రత్తగా విను. కష్టజీవి చచ్చిపోలేదేమో. తేరగా తిండి అందుతోంది కాబట్టి మొక్క దాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు, అది మట్టిలో పడి నిద్రపోతోంది. ఇప్పుడు తిండి ఆగింది. మొక్కకి ఆకలేసి పిలవాలి. పిలుపు విని కష్టజీవి లేచి, వేరులో దూరి, బుడిపె కట్టి, పని మొదలుపెట్టాలి. లేస్తుందో లేదో నాకు తెలియదు. ఇంతవరకు నేను ఇలా చేసి చూడలేదు.

మధ్యలో ఎవరైనా జాలిపడి ఒక్క చుక్క పోస్తే అంతే సంగతులు. వాడిపోతున్నా చూస్తూ ఉండు. నీకు ఎంత కష్టమో ఇప్పుడు తెలిసే అడుగుతున్నాను. తనిఖీ ఇరవై ఎనిమిదిన. అప్పటికి తెల్లవి తేరుకోకపోతే మీ వీధికే వచ్చి సబ్బులు వాసన చూస్తాను.

బావా, మిగిలిన పొడి రోజుకి ఒక గ్లాసు చొప్పున తాగండి. ఆ తర్వాతది మీ బాత్రూములోనే వదిలెయ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ తమ్ముడు
(తిన్నాను. మూడోసారి వండినది తినేలాగే ఉంది)


ఆగస్టు 26

తమ్ముడూ,

ఈ ఉత్తరం నీకు పోస్టులో రాదు, కుండీలతో పాటు వస్తుంది.

పెట్టలేదురా. పెట్టకుండా ఉండడానికి ఏమేం చేశానో అడుగు. టీ పిప్పి ఇంట్లో ఉంచకుండా కింద పారేసి వచ్చాను. బాల్కనీ కిటికీకి దుప్పటి కట్టాను. కాంటీన్లో ఆ చెయ్యి దురద తీర్చుకోవడానికి ప్రతి డ్రైవరుకీ ఒక గరిటె ఎక్కువ వేశాను, వాళ్ళు ప్యాంట్లు వదులు చేయించుకుంటున్నారు. ఎర్రవి పసుపు పచ్చగా అయిపోయాయి. తెల్లవీ అదే దారిలో ఉన్నాయి. మీ బావ తాళం వేసిన తలుపు ముందు కుర్చీ వేసుకుని ఆస్పత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చునేవారు.

తర్వాత ఒకరోజు దుప్పటి పక్కకి తీసి చూస్తే తెల్ల కుండీలో ఒక చిగురు. లేత పచ్చ. మర్నాడు ఇంకో కుండీలో. ఎర్రవి అలాగే ఉన్నాయి. వారం తిరిగేసరికి తెల్ల వరస మొత్తం లేచి నిలబడింది. ఒక్క చుక్క పెట్టకుండా! మీ బావని పిలిస్తే పరిగెత్తుకొచ్చి, తెల్లవాటిని చూసి, ఎర్రవాటిని చూసి, "వీళ్ళకి వండిపెట్టేవాళ్ళు వచ్చేశారే" అన్నారు.

ఉండబట్టలేక ఒక తెల్ల మొక్కని పీకి చూశాను. వేళ్ళకి ఆవగింజలంత బుడిపెలు. ఒకటి గోటితో చీల్చాను. లోపల ఎర్రగా ఉందిరా, రక్తంలాగ! నా వేలే తెగిందేమోనని చూసుకున్నాను. నా రక్తం కాదు, ఆ ఎరుపు దానిదే. నేను పెట్టకపోతే చచ్చిపోతారనుకుంటాను అందరూ. వంటింట్లో నేలమీద కూర్చుని ఆ వేరు ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడ్చాను. ఈసారి ఏడుపు వేరు.

ఇంత దూరం కుండీలు ఎలా పంపాలా అని దిక్కుతోచక ఉంటే డ్రైవర్లలో ఒక బుర్రమీసాలాయన, "మా పొట్టలు పెంచావు, కుండీలు మొయ్యలేమా అమ్మా" అన్నాడు. కండక్టరు సీటు ఖాళీ చేయించి వాటిని కూర్చోబెట్టాడు. కండక్టరు నిలబడి వస్తాడట. ఒక తెల్ల కుండీ మాత్రం ఇక్కడే ఉంచుకున్నాను. వాళ్ళకి భోజనం పెట్టి పంపించు. నువ్వు వండిందే, వేరే గతి లేదు.

అక్క


ఆగస్టు 30

అక్కా,

నా బల్ల నాదే. కష్టజీవి ఉడకలేదు.

కుండీలు తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం దిగాయి. ఒక్క ఆకు రాలలేదు. బుర్రమీసాలాయన నేను వండింది తిని, కాసేపు ఆలోచించి, "మీరు అమ్మగారి తమ్ముడేనా" అని అడిగాడు.

సున్నా మేడం తెల్ల వరస చూశారు, ఎర్ర వరస చూశారు, నా జూలై ఫొటో తీసి పక్కన పెట్టారు. "అప్పుడు రెండూ పచ్చగా ఉన్నాయి కదా, మధ్యలో ఏమైంది?" అన్నారు. బయటినుంచి కొంత నత్రజని అందింది, తర్వాత ఆగిపోయింది అన్నాను. "ఎక్కడి నుంచి?" అన్నారు. ఇంట్లోంచి అన్నాను. "ఇంట్లో ఎక్కడి నుంచి?" అన్నారు. తనిఖీకి వచ్చినవాళ్ళందరూ నావైపే చూస్తున్నారు. చెప్పేశాను. పొడి డబ్బా, మూడు గ్లాసులు, ఆరున్నర, పదింతలు, పక్షపాతం లేకపోవడం, అన్నీ.

మేడం నవ్వారు అక్కా. కళ్ళజోడు జారి తెల్ల కుండీలో పడింది. నవ్వు ఆగాక అసలు మాట చెప్పారు. మామూలు మట్టిలో ఎప్పుడూ ఎంతో కొంత పాత ఎరువు మిగిలే ఉంటుంది, అక్కడ మా ల్యాబులో మిగతా బాక్టీరియాలు నిద్రపోయి మరి లేవడం లేదు. నిద్రపోయి, ఆకలి పిలవగానే లేచింది కష్టజీవి ఒక్కటే. అది తెలియాలంటే ముందు ఎవరో దాన్ని మేపి, తర్వాత గట్టిగా ఆపాలి. అలా చెయ్యాలని మాకు తోచలేదు. మీ ఇద్దరూ చెరో సగం చేసి చూపించారు. బావ కొలత తప్పలేదు కాబట్టి లెక్కలోకి తీసుకున్నారు. నివేదికలో "గృహ వనరు నుంచి నత్రజని" అని రాశారు. బావకి సంస్థ తరఫున ధన్యవాదాల పత్రం వేరే కవర్లో వస్తుంది.

నువ్వు చూసిన ఎరుపు గురించి. అది మన రక్తంలో ఉండే ఎరుపుకి దగ్గరి బంధువు. అక్షరాలా చుట్టరికమే. గాలిలో నత్రజనిని పట్టే పనికి ప్రాణవాయువు అడ్డం రాకుండా ఆ ఎరుపు కాపలా కాస్తుంది. బుడిపె లోపల ఎర్రగా ఉంటే కష్టజీవి పనిలో ఉన్నట్టు లెక్క.

ఇంకో సంగతి. నువ్వు డబ్బా ఆపేశాక వండుకోవడం వచ్చింది. కోపంతో ఆపావు, అయినా ఆపడమే మంచిదైంది. కష్టజీవి గురించి ఇన్నేళ్ళు చదివి, అది నాకూ వర్తిస్తుందని ఒక్కరోజు కూడా అనుకోలేదు. మొక్క కూడా ఊరికే తినదు అక్కా, తిరిగి చక్కెర పెడుతుంది. నేను ఇంతవరకు నీకేం పెట్టాను? సెలవు రోజు చూసుకుని ఇద్దరూ ఇక్కడికి రండి. వచ్చేటప్పుడు ఏమీ తేకు. తెస్తే గేటు దగ్గరే ఆపించేస్తాను.

నీ తమ్ముడు
(తిన్నాను, బుర్రమీసాలాయన వదిలేసింది కూడా)


సెప్టెంబరు 16

తమ్ముడూ,

క్షేమంగా ఇల్లు చేరాం. బస్సులో మీ బావ దారి పొడుగునా పక్కవాళ్ళకి అమైనో ఆమ్లాలు వివరించారు. పూసల దండ దాకా బాగానే చెప్పారు, తర్వాత సొంత అనుభవంలోకి దిగబోతే నేను గిల్లాను.

ఆయన పత్రం అందింది. పటం కట్టించి హాల్లో, గడియారాల మధ్య తగిలించారు. వచ్చినవాళ్ళందరూ "గృహ వనరు అంటే ఏమిటండీ" అని అడుగుతున్నారు. ఆయన నావైపు చూస్తారు, నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. పళ్ళ డాక్టరు మాత్రం అది చదివి, లిఫ్టులో "సార్, ఏ అంతస్తు?" అన్నాడట. అందుకని మళ్ళీ జిమ్ము జోలికి వెళ్ళలేదు.

మజ్జిగ గ్లాసు మాత్రం పారేశాను. ఆయన చూడకుండా.

మా దగ్గర మిగిలిన మొక్క కాయలు కాసింది. రక్తసంబంధం అని నువ్వు రాశాక కోయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ బావ కోసి, వండించి, రెండుసార్లు వడ్డించుకున్నారు.

ఇక నీ వంట. ఉప్పు తక్కువ, అన్నం మెత్తన, కూరలో ముక్కలు ఒకటి ఏనుగంత ఒకటి దోమంత. అన్నీ చూశాను. కానీ నేను లేవబోతే నువ్వు భుజం పట్టి కూర్చోబెట్టి, "కూర్చో అక్కా, నేను వడ్డిస్తాను" అన్నావు చూడు. అందరికీ వడ్డించాక చివర్న గిన్నెలో మిగిలింది నిలబడి తినడమే నాకు అలవాటు. నన్ను కూర్చోబెట్టి, నేను తింటుంటే ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు అమ్మ తర్వాత ఎవరూ లేరు. అందుకే రెండోసారి వెయ్యమని కంచం చూపించాను. నువ్వనుకున్నట్టు ఉప్పు కోసం కాదు.

మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?

నీ అక్క
(తిన్నాను)